రెండు వేల మొక్కలు

మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: తడి ఆరకుండా గోనె సంచుల్లో కట్టిన ఆరు వేల పొన్నకాయలు, కవర్లలో పెంచిన నాలుగు వేల మడ మొలకలు, రెండెకరాల బురద, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, ఒక మగమనిషి, రెండు వానాకాలాల గడువు. నా చేతిలో లేనిది ఆ మగమనిషి ఉద్యోగం. గడువు లోపల ఆ బురదలో రెండు వేల మొక్కలు బతికి నిలబడితే అతని ఉద్యోగం అతనికి తిరిగి వస్తుంది. లేకపోతే రాదు.

అతని పేరు కృపానందం. నాగాయలంక దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న అభయారణ్యంలో పదకొండేళ్ళు వాచరుగా పనిచేశాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా ఉండేది గాని కాగితాల్లో మాత్రం రోజుకూలీయే. నేను విజయవాడ ఆటోనగర్‌లో రొయ్యల చెరువులకు కావలసిన మోటార్లు, పంపులు, ఏరేటర్లు అమ్మేవాడిని. షాపు ఇప్పటికీ ఉంది. కౌంటర్లో మా బావమరిది కూర్చుంటున్నాడు.

ఆ ఉద్యోగం ఎలా పోయిందో ముందు చెప్పాలి.

అభయారణ్యం అంచున నాకు పదకొండెకరాల రొయ్యల చెరువు ఉంది. అప్పటిదాకా బోరు నీళ్ళతో నడిపాను. చెరువుకీ ఉప్పుపాయకీ మధ్య అడవి పట్టీ ఒకటి అడ్డంగా ఉండేది. అడవి అంటే మా విజయవాడ వాళ్ళకు కొండపల్లి కొండల మీద కనిపించేది గుర్తుకొస్తుంది. ఇది వేరు. ఇక్కడ చెట్లు ఉప్పు బురదలో నిలబడతాయి. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెక్కి మొదళ్ళు ముంచుతుంది, రెండుసార్లు పాటుకు తీసి వెళ్ళిపోతుంది. పాయ నీళ్ళు నా చెరువులోకి రావాలంటే ఊరంతా చుట్టి పైపులు వెయ్యాలి, లేదా ఆ పట్టీలోంచి నేరుగా కాలవ కొట్టాలి. కాలవే దగ్గర. అడ్డం ఉన్నవి రెండు: చెట్లు, కృపానందం.

చెట్ల సంగతి ప్రొక్లెయిను చూసుకుంటుంది. కృపానందం సంగతి నేను చూశాను. అతని భార్య సువార్తమ్మకు అప్పటికి నెల రోజులుగా ఆయాసం. నాగాయలంకలో కొన్ని మందులు, అవనిగడ్డలో కొన్ని మందులు వాడారు. ఒక మంగళవారం పొద్దున్నే నా కారు పంపించి ఫోన్ చేశాను.

"విజయవాడ తీసుకెళ్ళవయ్యా. బెంజ్ సర్కిల్ దగ్గర నాకు తెలిసిన డాక్టరున్నాడు, చెప్పి ఉంచాను. నువ్వు పక్కనే ఉండు, ఆడమనిషిని ఒక్కదాన్నే వదలకు."

డాక్టరుకు నిజంగానే చెప్పాను. మంచి డాక్టరు. కారు ఊరు దాటిన గంటకు ప్రొక్లెయిను బురదలోకి దిగింది. డ్రైవరు పాల్ నాలుగు రోజుల్లో పని ముగించాడు. నాలుగో రోజు ఆస్పత్రిలో సువార్తమ్మ చనిపోయింది. ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయని, నెల ముందే తేవలసిందని డాక్టరు అన్నాడు.

రెండు కబుర్లూ ఒకే మధ్యాహ్నం అందాయి. కాలవ పూర్తయిందని పాల్ ఫోన్ చేశాడు. ఆమె పోయిందని నా కారు డ్రైవరు ఫోన్ చేశాడు. నేను భోజనం చేస్తున్నాను. పెరుగన్నం మిగిలింది, అది కూడా తిని లేచాను.

తర్వాత ఎవరో ఫొటోలు తీసి పైవాళ్ళకు పంపారు. అటవీశాఖ వాళ్ళు వచ్చారు. నా మీద కేసు రాశారు, కాలవ నా చేతే పూడ్పించారు, కట్టవలసింది కట్టించారు. కృపానందాన్ని ఒక్క ముక్కతో తీసేశారు. అడవి కొట్టేసిన నాలుగు రోజులూ అతను డ్యూటీలో లేడు. నిజమే, లేడు.

రేంజి ఆఫీసరు మనోజ్ఞ గారికి ముప్ఫై ఏళ్ళుంటాయి. మా ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది. కృపానందం కుర్చీ అంచున కూర్చున్నాడు. గడ్డం చేసుకుని పది రోజులై ఉంటుంది.

"జయకృష్ణ గారూ, కొట్టేసిన రెండెకరాలూ మీరే మళ్ళీ అడవి చెయ్యాలి. అది మీ మీదున్న ఆర్డరు. రెండు వానాకాలాలు టైమిచ్చారు. ఆ పైన మార్చిలో నేనే వచ్చి లెక్కపెడతా. రెండు వేల మొక్కలు ప్రాణంతో ఉండాలి."

"లేకపోతేనండీ?"

"మళ్ళీ ఫైనేస్తారు, మళ్ళీ కడతారు. మీకు పెద్ద ఇబ్బందేం ఉండదు." ఆమె కృపానందం వైపు తిరిగింది. "ఇబ్బంది ఈయనకి. కాపలా లేక అడవి పోయిందని ఫైల్లో రాసుంది. ఆ అడవి తిరిగొచ్చిందని నేను రాయగలిగితే, ఈయన్ని వెనక్కి తీసుకోమని అడగ్గలను. రాయలేకపోతే నేను అడగటానికేం లేదు."

"సరేనండి" అన్నాడు కృపానందం.

"ఈ మొక్కల గురించి మీకేమైనా తెలుసా?" అని నన్ను అడిగింది.

"మాది చల్లపల్లి పక్క ఊరండి. మూడు తరాలుగా వరి వేసినవాళ్ళం. నాటు మాకు కొత్తా?"

ఆమె ఫైలు మూసింది.

*

ఆగస్టులో మొదలుపెట్టాం. ఆడవాళ్ళకు మేస్త్రి చిన్ని. నలభై ఏళ్ళ మనిషి, చేపల బుట్ట మోసి మోసి మెడ గట్టిపడింది. ఎవరినీ వదిలిపెట్టని నోరు.

పొన్నకాయ మునక్కాయలా జానెడున్నర పొడుగుంటుంది. నిజానికి అది కాయ కాదు. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, కిందికి సాగి, పిల్లమొక్కై వేలాడుతుంది. తయారయ్యాక తల్లిచెట్టు నుంచి ఊడి సూటిగా బురదలో గుచ్చుకుంటుంది. మనం నాటితే మూడో వంతు లోపలికి దింపాలి, మొగ్గ ఉన్న కొన పైకి ఉండాలి. ఎలా చెయ్యాలో చూపించాలని మొదటి కాయ నేనే గుచ్చాను.

"బాబుగారూ, తలకిందులుగా గుచ్చారు" అంది చిన్ని. "కాళ్ళు పైకెట్టి పుడతాడు పిల్లాడు."

ఆడవాళ్ళంతా నవ్వారు. కృపానందం వచ్చి ఆ కాయ పీకి, తిప్పి గుచ్చి, తన వరసలోకి వెళ్ళిపోయాడు. అతను కూలీకి వచ్చాడు. రమ్మని నేను అడగలేదు. మొదటి రోజు పొద్దున రేవులో నుంచుని ఉన్నాడు, అంతే.

మా వైపు ఏ పంట వేసినా ముందు గట్టు వేస్తాం. గట్టు లేని పొలం పొలం కాదు, వాకిలి. నీరు పెట్టటం, ఆపటం, తీసేయటం, మా వ్యవసాయమంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. రెండెకరాల చుట్టూ మోకాలెత్తు గట్టు, పాయ వైపు ఒక తూము వెయ్యమని చెప్పాను.

"గట్టు వద్దండి" అన్నాడు కృపానందం.

"ఏం?"

"దీనికి నీళ్ళు ఉండటం కాదండి కావల్సింది, వచ్చి పోవాలి."

"గట్టు లేకపోతే పోటుకి మొక్కలు కొట్టుకుపోవూ?"

"కొన్ని పోతాయండి."

"పోవటానికా ఇంతమందిని పెట్టి నాటిస్తున్నాను?"

అతను పార అందుకున్నాడు. శనివారానికి గట్టు పూర్తయింది. తూము మూసి బెత్తెడు నీరు నిలిపాను. చేలో చూసినట్టే ఉంది. నాటిన నెలకు సన్నగా వరిలాంటి గడ్డి మొలిచింది. ఉప్పుగడ్డి అంటారు. కలుపు తియ్యమన్నాను. ఒక్క పోచ లేకుండా పీకించి గట్టు మీద వేయించాను. డిసెంబరు దాకా పొలం కన్నులపండువగా ఉంది. ఫొటో తీసి శ్రీదుర్గకు చూపించాను.

"బాగుంది" అంది నా భార్య. "పాపం ఆయన భార్య పోయిందన్నారుగా, ఇంటికెళ్ళి పలకరించొచ్చారా?"

"ఆఁ" అన్నాను. వెళ్ళలేదు.

ఫిబ్రవరి నుంచి నిలిచిన నీరు ఎండకు వేడెక్కటం మొదలుపెట్టింది. నీరు తగ్గేకొద్దీ ఉప్పు చిక్కనైంది. తగ్గినప్పుడల్లా తూము తీసి మళ్ళీ ఉప్పునీరే పెట్టాను, వరికి పెట్టినట్టు. మార్చిలో మడ ఆకులు పసుపు తిరిగాయి. ఏప్రిల్లో పొన్నమొక్కలు ఆకులు రాల్చాయి. మే నెలలో వెళ్ళేసరికి పగిలిన తెల్లటి నేల మీద పుల్లలు నిలబడి ఉన్నాయి, ఇసకలో గుచ్చి మరిచిపోయిన అగరుబత్తుల్లా. గట్టు వెంట తిరిగి చూశాను. పది వేలలో బతికినవి పదకొండు. పదకొండూ ఒకే మూల ఉన్నాయి. అక్కడ ఎండ్రకాయలు గట్టుకు బొరియ చేశాయి. ఆ బొరియలోంచి పోటు నీళ్ళు లోపలికి వచ్చి, పాటుకు బయటికి పోతున్నాయి.

కృపానందం ఆ మూలే కూర్చుని ఉన్నాడు.

"ముందే చెప్పావు నువ్వు" అన్నాను.

"చెప్పానండి."

"మళ్ళీ ఎందుకు చెప్పలేదు? పోయేది నీ ఉద్యోగం గదా."

"ఒకసారి చెప్తే వినని మనిషికి రెండోసారి చెప్పాలంటే తాహతుండాలి గదండీ. నేను కూలికొచ్చినోణ్ణి."

తన పక్కన కూర్చోమని అననూ లేదు, నన్ను తిట్టనూ లేదు. ఎండ్రకాయ ఒకటి బొరియలోంచి తల బయటపెట్టి మా ఇద్దర్నీ చూసి లోపలికి పోయింది.

*

రెండో ఏడాది పొన్నకాయలు బయట కొనలేదు. అడవిలోనే ఏరుకోమని మనోజ్ఞ గారు నా పేరున, కృపానందం పేరున పాసులు ఇచ్చింది. మార్చి ముప్ఫై ఒకటి దాకా చెల్లుతాయి. జులైలో ఆ అడవిలోకి మొదటిసారి నడిచి వెళ్ళాను. పదేళ్ళుగా పక్కనే చెరువు చేస్తున్నాను గాని లోపలికి వెళ్ళే పని పడలేదు.

కృపానందం ముందు నడిచాడు. అడిగితేనే చెప్పేవాడు. వెడల్పాటి కొమ్మలతో, చుట్టూ బురదలోంచి వేలెడేసి పుల్లలు పైకి పొడుచుకుని ఉన్నది మడ. ఆ పుల్లలు దాని వేళ్ళే. బురదలో గాలి ఆడదు గనక పైకి వచ్చి గాలి పీలుస్తాయి. నిలవ నీటిలో మునిగితే ఊపిరాడక చచ్చిపోతాయి. నేను పెట్టిన బెత్తెడు నీరు చేసింది అదే. ఆకు వెనక నాలుక ఆనించమన్నాడు. ఉప్పు రవ్వలు తగిలాయి. తాగిన ఉప్పును చెట్టు అలా చెమట పట్టించి వదిలేస్తుందట. గొడుగు ఊచల్లా కాండం నుంచి వేళ్ళు కిందికి దిగి, నీళ్ళ మీద కాళ్ళు పెట్టి నిలబడ్డట్టుండేది పొన్న. రాలే ముందు ఆకు ఎర్రబడేది తిల్ల.

"దాన్ని ముట్టుకోకండి. పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అన్నాడు.

"చూడటానికి అన్నిట్లోకీ అందంగా ఉంది."

"ఉంటదండి."

ఒడ్డున ఆకు అంచులకు ముళ్ళున్న పొద ఆల్చి. నీలం పూలు పూస్తుంది. ఇంకాస్త ఎత్తున, ఏదీ బతకని ఉప్పు నేలలో ముందుగా మొలిచేది ఇలకూర. చిన్ని వాళ్ళు దాన్ని కోసుకుని పప్పులో వేసుకుంటారు, వేరే ఉప్పు వెయ్యకుండా. మా కాలవ కొట్టినప్పుడు వీటిలో ఏవి ఎన్ని పోయాయని అడగబోయి ఊరుకున్నాను. అతను లెక్క చెప్పగలడు.

గట్టు ఎనిమిది చోట్ల తెంచాం. పాయ నుంచి మధ్యలోకి ఒక చిన్న కాలవ, దాని నుంచి రెండు వైపులా చేపముల్లు లాగా పిల్ల కాలవలు తీశాం. పోటుకు నీళ్ళు మూలమూలకూ పాకి, పాటుకు మొత్తం దిగిపోయేలా. రెండు వేల ఐదు వందల పొన్నకాయలు గుచ్చాం. అందులో చాలా భాగం మొదటి అమావాస్య పోటుకే కొట్టుకుపోయాయి. కృపానందం ముందే అన్నాడు గనక నేనేమీ అనలేదు.

ఆగస్టు చివర్లో ఉప్పుగడ్డి మళ్ళీ వచ్చింది. ఈసారి దట్టంగా, మడమ దాటి. గడ్డి మధ్య మా పొన్నమొక్కలు దిక్కులేనివాటిలా ఉన్నాయి. చిన్ని వాళ్ళను పిలిపించాను.

"మంగళవారం కలుపు తియ్యాలి."

"వద్దండి" అన్నాడు కృపానందం.

"పోయినేడు పీకాంగా."

"పోయినేడు పీకాం, పోయినేడు చచ్చినయ్యి. గడ్డి వద్దండి, ముట్టుకోవద్దు. ఇది రెండోసారి చెప్తున్నాను."

చిన్ని చేతిలో కొడవలి ఉంది. ఒకసారి అతన్ని, ఒకసారి నన్ను చూసింది. "చెప్పండి బాబుగారూ, కొయ్యనా, ఇంటికి పోనా? ఎండలో మీ ఇద్దరి మొహాలూ చూస్తూ నించోలేను."

"ఇంటికి పో" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. గడ్డి ఉంటే మొక్కకు బలం రాదని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కృపానందం థాంక్స్ చెప్పలేదు. సాయంత్రం పడవలో ఎదురెదురుగా కూర్చుని ఒడ్డుకు వచ్చాం.

*

జనవరి చివర్లో మిగిలిన గట్టు ముక్క మీద నుంచుని కంటితో లెక్కవేశాను. గోదాములో పేర్చిన సామాను చూసి ఎంతుందో చెప్పే కన్ను నాది, నూటికి రెండు తేడా రాదు. పన్నెండు వందలు. పొన్న ఆరేడు వందలు, గడ్డి పలచగా ఉన్నచోట తల ఎత్తిన మడ ఐదారు వందలు. అటు నుంచి చూసినా, ఇటు నుంచి చూసినా పన్నెండు వందలే.

లోటు పూడ్చే పద్ధతి వ్యాపారంలో ఉన్నవాడికి ఒకరు నేర్పక్కర్లేదు. ఒక నర్సరీ నుంచి మోకాలెత్తు మడ మొక్కలు వెయ్యి తెప్పించి పడవలో ఎక్కించాను. నెలన్నర పచ్చగా నిలబడితే చాలు. ఆ తర్వాత వాటి ఇష్టం.

పడవ ఆగేసరికి కృపానందం మొలలోతు నీళ్ళలోకి వచ్చి దాని అంచు పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇయ్యి?"

"మొక్కలు."

"ఎక్కడియ్యండి?"

"ఎక్కడివైతేనేం. మార్చిలో లెక్కకి నిలబడతాయి."

"దించకండి."

"పన్నెండొందలున్నాయి కృపానందం. నా కన్ను తప్పదు. ఎనిమిదొందలు తక్కువ."

"లెక్కలో ఉన్నయ్యండి. మీకు కనపట్లేదు."

"కనపడనివి ఆవిడకి మాత్రం ఎట్లా కనపడతాయి? నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

"కావాలండి."

"మరి చెయ్యి తియ్యి."

అతను తియ్యలేదు. పడవ నడిపేవాడు బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు.

"నీ మీద మాట వచ్చింది నా వల్ల" అన్నాను. "అది సరిచెయ్యాలనే ఇదంతా."

"మీ వల్లేనని నాకు తెలుసండి. కారొచ్చిన రోజే తెలుసు." అతని గొంతు పెరగలేదు. రేవులో నీటి మట్టం ఎంతుందో చెబుతున్నట్టే ఉంది. "ముందురోజు సాయంత్రం ప్రొక్లెయిను పంటు మీద పాయ దాటటం చూశాను. తెల్లారి కారొచ్చింది. రెండూ కలిపి చూసుకోలేనంత ఎర్రోణ్ణి కాదు. ఆమెకి ఊపిరందట్లేదు. ఎక్కానండి."

నీళ్ళు పడవకు తగులుతున్నాయి. పాటు మొదలైంది.

"అడివిని ఒకసారి వదిలేసి కారెక్కాను" అన్నాడు. "ఇంకోసారి చెయ్యమనకండి."

పడవ వెనక్కి తిప్పమన్నాను. మొక్కలు నర్సరీకి పంపించేశాను, దారిలో సగం వాడిపోయాయట. ఇంటికి వచ్చి స్నానం చేసి టీవీ ముందు కూర్చున్నాను. "ఏమైనా జరిగిందా?" అంది శ్రీదుర్గ. ఏం లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. అతని మాటలు వరసగా గుర్తున్నాయి, ఒక్కటీ మరిచిపోలేదు. వాటికి లోపల ఏదో జరగాలి. జరుగుతుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. వార్తలు అయిపోయాయి.

*

మార్చి పదో తారీకున మనోజ్ఞ గారు వచ్చింది. పెద్ద పాటు చూసుకుని పొద్దున ఎనిమిదికి బురదలోకి దిగాం. లెక్కకు మా ఊరి పద్ధతే పెట్టాను. కళ్ళంలో బస్తాకొక గడ్డిపోచ పక్కన పెట్టినట్టు, మొక్కకొక వరిగడ్డి పోచ గుచ్చాలి. కట్టకు వంద పోచలు. రెండు వేలు కావాలి గనక ఇరవై కట్టలు తెచ్చాను. ఎనిమిది కట్టలు మిగులుతాయని నాకు తెలుసు.

ఆడవాళ్ళు వరసగా వంగి నడిచారు. కృపానందం వరసలో లేడు. లెక్కలో అతని చెయ్యి ఉండకూడదని మనోజ్ఞ గారు పడవ దగ్గరే కూర్చోమంది. నేను ఆమె పక్కన నుంచున్నాను. పొన్న ఉన్న భాగం తొందరగా అయిపోయింది. ఆరు కట్టలు, ఏడో దాంట్లో నలభై. అందులో మొదటి ఏడాది పదకొండూ ఉన్నాయి. తర్వాత గడ్డిలోకి దిగారు.

అక్కడ నడక మందగించింది. చిన్ని గడ్డి విడదీసి లోపలికి చూస్తోంది, పోచ గుచ్చుతోంది, బెత్తెడు జరగకుండానే మళ్ళీ గుచ్చుతోంది.

"ఏంటే, ఒకే మొక్కకి పది గుచ్చుతున్నావా?" అని అరిచాను.

"మీరే దిగి చూడండి బాబుగారూ. నడుం వంగుద్దేమో."

దిగాను. గడ్డి పక్కకు తీశాను. మడగింజ బాదంకాయంత ఉంటుంది. నీళ్ళలో పడగానే పైతొక్క జారిపోయి రెండు మందపు ఆకులు విచ్చుకుంటాయి. సెప్టెంబరు పోట్లకు అడవిలోంచి కొట్టుకువచ్చిన గింజలు ఉత్త బురద మీద ఆగవు, పాటుకు వెనక్కి పోతాయి. ఈ గడ్డి మొదళ్ళలో చిక్కుకుని ఆగాయి. ఆగినచోట వేరు పెట్టాయి. జానెడు, బెత్తెడు, నాలుగేసి ఆకులతో, గడ్డి నీడన, గట్టు మీద నుంచున్నవాడి కంటికి ఆనకుండా. మొదటి ఏడాది పీకించి గట్టున వేసింది ఇదే గడ్డి.

పదకొండింటికి ఇరవయ్యో కట్ట అయిపోయింది. ఇంకా అర ఎకరం మిగిలింది.

"పోచల్లేవు" అంది చిన్ని. నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "లక్ష్మి గుమ్మంలోకొస్తే కొలవటానికి కుంచం లేదంట. పెద్ద వ్యాపారస్తులు మరి!"

మనోజ్ఞ గారు కూడా నవ్వాపుకోలేకపోయింది. ఆడవాళ్ళు పాత తువ్వాలు ఒకటి పీలికలు చేసి మిగతా వాటికి కట్టారు. పీలికలు మూడు వందల పద్దెనిమిది. మొత్తం రెండు వేల మూడు వందల పద్దెనిమిది.

ఆమె పడవ దగ్గరికి వెళ్ళి కృపానందానికి ఆ అంకె చెప్పింది. అతను లేచి నుంచున్నాడు.

"ఇవన్నీ మీరు నాటినవేనా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. అతను ముందే చెప్పేశాడు. "నాటినయ్యి ఆరొందల నలభయ్యండి. మిగతాయి పోటు తెచ్చింది."

"నేను అడిగింది ప్రాణంతో ఉన్నవి" అని ఆమె సంతకం పెట్టింది. "ఎవరు తెచ్చారని ఆర్డర్లో లేదు."

కృపానందం వంగి కాళ్ళకున్న బురద కడుక్కున్నాడు. ఒక కాలు కడిగి, ఆగి, చాలాసేపటికి రెండోది కడిగాడు.

*

ఏప్రిల్లో అతన్ని మళ్ళీ తీసుకున్నారు. నాకు ఫోన్ చెయ్యలేదు, చిన్ని చెప్పింది.

జూన్ చివర్లో ఒకరోజు నాగాయలంక వెళ్ళాను. చెరువు పని ఏమీ లేదు, చెరువు అప్పటికే ఎండగట్టేశాను. రేవు పక్కన పొన్నచెట్టు కింద రాలిన కాయలు యాభై దాకా కనిపిస్తే సంచిలో వేసుకున్నాను. మా రెండెకరాల్లో పాయ వైపు కొంత ఖాళీ ఉండాలి. పడవ అభయారణ్యం రేవుకు చేరేసరికి మెట్ల మీద కృపానందం ఉన్నాడు. కొత్త ఖాకీ చొక్కా, మడతలు ఇంకా పోలేదు. గడ్డం గీసుకున్నాడు.

"నమస్కారమండి. పాసుందాండీ?"

"పాసేంటి?"

"మీ పాసు మార్చితో అయిపోయింది."

"ఖాళీల్లో నాలుగు కాయలు గుచ్చి వస్తానయ్యా. అరగంట."

"లోపలికి లేదండి."

"నేను నీకు తెలీదా?"

"తెలుసు గనకే అడుగుతున్నానండి."

ఎగతాళి కాదు, కోపం కాదు. సంచి ఇమ్మని చెయ్యి చాపాడు. కాయలు ఒక్కొక్కటే తీసి చూశాడు.

"ఎక్కడేరారు?"

"నాగాయలంక రేవు దగ్గర."

"ఆ చెట్టు కిందే పోసెయ్యండి. అక్కడా కావాలి." సంచి తిరిగి ఇచ్చి, రిజిస్టరు తెరిచి నా పేరు, తేదీ, టైము రాశాడు. ఎదురుగా ఉన్న గడిలో 'అనుమతి లేదు, వెనక్కి పంపడమైనది' అని రాసి నాకు పెన్ను ఇచ్చాడు. సంతకం పెట్టాను. పెన్ను తీసుకుని జేబుకు పెట్టుకుని పాయ వైపు తిరిగి నుంచున్నాడు. అటు నుంచి ఇంకో పడవ వస్తోంది.

నేను కాసేపు మెట్ల మీదే ఉండిపోయాను. ఉండకూడదని అతను అనలేదు. రేవు అభయారణ్యం బయటే.

చివరి లెక్క ఇది. నాటినవి పన్నెండు వేల ఐదు వందలు. వాటిలో బతికినవి ఆరు వందల నలభై. నాటకుండా వచ్చినవి పదహారు వందల డెబ్భై ఎనిమిది. తిరిగి వచ్చిన ఉద్యోగం ఒకటి. పోయిన మనిషి పోయినట్టే. నేను తెలుసుకున్న మొక్కల పేర్లు ఆరు. రేవు మెట్ల మీద నుంచుంటే, ఎండ కళ్ళలో కొట్టకపోతే, ఆ రెండెకరాల్లో నాకు కనిపించేవి పదిహేనో, ఇరవయ్యో.